హిసా ఇంటి చెర్రీ చెట్టు

హిసా నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు. అయినా పెళ్లివారు కియోనో కూతురి గురించి ఆరా తీయడానికి పోయిపోయి హిసా గుమ్మమే ఎక్కారు. పక్కిల్లు, పైగా ప్రాణస్నేహితురాలు కదా! పిల్లకు క్షయ ఉందేమోనని హిసా ఓ మాట జారింది. అంతే, సంబంధం తప్పిపోయింది. నిజానికి కియోనో కూతురు మిత్సుకు వచ్చింది ఉత్త జలుబు. ఆ పిల్ల సిగ్గుతో ఒసాకా మిల్లుకు వెళ్లిపోయి మళ్లీ ఇంటి ముఖం చూడలేదు.

కియోనో కడుపులో నిప్పు పెట్టుకుని అదను కోసం కాచుకుంది. చెట్ల వైద్యం ఆమెకు తండ్రి నుంచి వచ్చిన విద్య. హిసా పెరట్లోని చెర్రీ చెట్టును కూడా, ఇద్దరూ కొత్త కోడళ్లుగా ఉన్న రోజుల్లో, స్నేహానికి గుర్తుగా ఆమే అంటుకట్టి ఇచ్చింది. వసంతం వస్తే ఊరు ఊరంతా దాని కిందే చాపలు పరిచేది. హిసాకు పిల్లల్లేరు. ఆ చెట్టే ఆమెకు బిడ్డ.

బిడ్డకు బిడ్డ, అనుకుంది కియోనో.

ఒక చలికాలం మంచు బరువుకు కొమ్మ విరిగితే హిసా కబురు పెట్టింది. చెర్రీ కొమ్మ కోసేవాడు మూర్ఖుడని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. కోసిన చోట మందు పూయకపోతే చెట్టు లోపల్నుంచి కుళ్లుతుంది. కియోనో కొమ్మ కోసింది. మందు డబ్బా మూత తీయకుండానే ఇంటికి వచ్చేసింది. ఆ పూట రెండు గిన్నెల అన్నం తింది.

నాలుగేళ్లకు చెట్టు డొల్లపడింది. సగం కొమ్మలకు మొగ్గే లేదు. హిసా మళ్లీ పిలిచింది. ఈ రోజు కోసమే కదా బతికింది! కియోనో కాండం మీద తట్టి చూసి, హిసా ముఖంలోకి సూటిగా చూస్తూ చెప్పేసింది.

“నేనే చంపాను. ఆ రోజు మందు పూయలేదు.”

హిసా ఏడవలేదు. “తెలుసు. కిటికీలోంచి చూశాను. కావాలంటే ఇంకెవరిచేతైనా పూయించగలిగేదాన్నే. పోనీలే, చెట్టు పోతేనైనా నీ కడుపుమంట చల్లారుతుందని ఊరుకున్నాను. కొట్టేయవే. మిత్సు ఉసురు తగిలిందనుకుంటా.”

కియోనోకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు దాచుకున్న పగ ఈవిడగారు వేసిన భిక్షా! చెట్టుతో పాటు ఈమె పాపమూ పోతుందట. కూతురు లేని ఇల్లు మాత్రం తనకట. రంపం పక్కన పడేసి, ఉలి తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని కుళ్లును చెక్కడం మొదలుపెట్టింది.

“ఏం చేస్తున్నావే?” అంది హిసా బిత్తరపోయి.

“బతికిస్తున్నా. అంత తేలిగ్గా వదిలించుకుందామనుకున్నావా? నువ్వు చచ్చేదాకా ఇది ఏటేటా పూస్తుంది. పూసినప్పుడల్లా నా కూతుర్ని తలుచుకుని ఏడువు.”