తేయిజో పొట్ట మీది రేడియో

ఆ జనవరిలో టోక్యోలో చలి ఎముకలు కొరికేస్తోంది. తేయిజోకి కాస్త చలి తగిలినా కడుపునొప్పి. అందుకే హిసాయే పొద్దున్నే, ఒంటికి వెచ్చదనమిచ్చే చిన్న రేకు డబ్బీలో బెంజీన్ పోసి రాజేసి, గుడ్డ చుట్టి, మొగుడి నడుముకున్న ఉన్ని పట్టీలో దోపింది. పాతికేళ్ల కాపురంలో ఆవిడ భయాలకు ఆదివారం కూడా సెలవు దొరకలేదు.

"ఒసాకా కంపెనీ నుంచి మునకతా గారు వస్తున్నారు, మా కర్మాగారంలో చేసిన ట్రాన్సిస్టర్ రేడియో చూడ్డానికి," అన్నాడు తేయిజో. "ఆయనకి నచ్చి కొంటే, వీటి తయారీ నేర్పడానికి ఏప్రిల్లో నన్నక్కడికి పంపుతారు. రెండేళ్లు."

"మరి నేనో?"

"అమ్మని చూసుకుంటూ ఇక్కడే. అందరిళ్లలోనూ అంతేగా."

హిసాయే మనసులో ఇరవై నాలుగు నెలలూ లెక్కపెట్టుకుంది. అయినా చేతులు ఊరుకోవుగా. చొక్కా జేబులోంచి జారిపోతుందేమోనని, అరచేతిలో ఇమిడే ఆ రేడియోని కూడా పట్టీలోనే, డబ్బీ పక్కనే దోపింది. తేయిజో చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకుంటూ, చంటిపిల్లాడిలా చేతులెత్తి నిలబడ్డాడు.

ఎవరైనా పెద్దమనిషి వస్తే కర్మాగారంలో టీ పోసేది హిసాయేనే. ఆమె కప్పులు సర్దుతుండగా తేయిజో రేడియో తీసి మీట తిప్పాడు. గురగురమంది. అంతే.

"నిన్న బాగానే పాడిందండీ," అన్నాడు యజమాని కువబారా, పాలిపోయి.

"మా ఒసాకాలో ఇలా గురగురలాడేదాన్ని పిల్లి అంటాం," అన్నాడు మునకతా.

తేయిజో నడుం వంచి తల దించాడు. లేవలేదు.

అప్పుడు గుర్తొచ్చింది హిసాయేకి. ట్రాన్సిస్టర్‌కి వేడి తగిలితే సొమ్మసిల్లుతుందని భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో. నోరు మూసుకుంటే చాలు, మొగుడు ఎక్కడికీ పోడు. మూసుకోవాలని గట్టిగా నిర్ణయించుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఇంత గట్టి నిర్ణయం తీసుకోలేదు. ఆ నిర్ణయం అలా ఉండగానే నోరు తెరుచుకుంది.

"ఏమండీ, దాన్ని కిటికీలో పెట్టండి. మీ పొట్ట మీద ఉడికిపోయింది."

అందరూ తేయిజో పొట్టకేసి చూశారు. అతను చొక్కా ఎత్తి డబ్బీ బయటికి లాగాడు. మునకతాకి టీ పొలమారింది.

"జేబు రేడియో అన్నారు గానీ, పొట్ట రేడియో అని చెప్పలేదే."

కిటికీలో మంచు పక్కన పెట్టారు. కాసేపటికి రేడియో గొంతు సవరించుకుని హాయిగా పాట అందుకుంది. మునకతా దాన్ని తన జేబులో వేసుకుని గదంతా తిరిగాడు.

"తీసుకుంటాం. దీంతోపాటు ఈయన్నీ. ఏప్రిల్ దాకా ఆగలేను, మార్చిలోనే పంపండి."

మొగుడు తన దగ్గరుండే రోజుల్లో ఒక నెల తనే తగ్గించిందన్నమాట. హిసాయే అందరికీ మళ్లీ టీ పోసింది.

ట్రాములో తేయిజో అడిగాడు. "నువ్వు మాట్లాడకపోతే నేనిక్కడే ఉండేవాణ్ణి కదే."

"తెలుసు."

"మరి?"

"మీరంత వంగితే, జుట్టు నేనెంత వంకరగా కత్తిరించానో అందరికీ కనబడింది."

తేయిజో మెడ వెనక తడుముకున్నాడు. "పోనీలే, ఒసాకాలో మంచి మంగలి దొరుకుతాడు," అన్నాడు ఓదార్పుగా.

అప్పటిదాకా ఏడవకుండా నిలదొక్కుకున్న మనిషి, ముక్కూ మొహం తెలియని ఆ మంగలిని తలుచుకుని ఏడ్చింది.