చూడకుండా వేసిన గేరు

నేను ఒక గేరు కాడను. మూరెడు ఇనుప కడ్డీ, తలకు నిమ్మకాయంత ఇత్తడి గుండు, అంతే నా సొగసు. తాళ్ళరేవులో ఒక కమ్మరి నన్ను సాగగొట్టి, కాకినాడ రేవులో తిరిగే ఒక తెరచాప నావకు అమర్చాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే డీజిలు ఇంజను. నడిసముద్రంలో లంగరేసిన ఓడలకు మంచినీళ్ళు, కూరగాయలు మోయడం దాని పని. ఇంజను వేగం పెంచడానికి, తగ్గించడానికి నా పక్కనే ఇంకో పొట్టి పిడి ఉండేది. కొత్త పడవల్లో ఈ రెండు పనులూ ఒకే కాడ చేస్తుందట. చెయ్యనివ్వండి, నాకేం.

మమ్మల్ని వాడడానికి ఒక పద్ధతి ఉంది. ముందు పొట్టిదాన్ని దించాలి. ఇంజను అరుపు మాని గొణుగుడులోకి వచ్చాక నన్ను నడిమి గాడిలోకి లాగాలి. అక్కడ ఒక్క ఊపిరి ఆగాలి. ఆ తర్వాతే ముందుకైనా, వెనక్కైనా. తొందరపడితే లోపల పళ్ళు విరుగుతాయి. మా నావ నడిపే ఎల్లాజీకి ఈ పని నేర్పిన పాత సరంగు ఇంకో మాట కూడా నేర్పాడు: "కన్ను నీటి మీదుండాల్రా. గేరుకేసి సూసేవోడు సరంగు కాదు."

ఆ మాట పట్టుకుని ఎల్లాజీ ఇరవై రెండేళ్ళు నా మొహం చూడలేదు. నా గుండు అరిగి అరిగి ఆయన అరచేతికి సరిపోయింది గాని, నేనెలా ఉంటానో ఆయనకు తెలియదు. మనుషులు ఇలాంటి వాటినే పనితనం అంటారు.

ఆయన భార్య కాసులమ్మ. బజారులో కూరగాయలు ఏరి నావకెక్కించేది. నావ తిరిగొచ్చే వేళకు గట్టు అంచున నిలబడి తాడు అందుకునేది. నావ ముక్కు రాతికి కొట్టుకోకుండా ఎడమ కాలు ఆనించేది. వెనక గేరు సరిగ్గా పడితే నావ ఆమె పాదం దగ్గరకు పెంపుడు పిల్లిలా వచ్చి ఆగిపోయేది.

ఎల్లాజీ చెయ్యి మొద్దుబారిందని ముందు తెలిసింది నాకే. ఎండలో నా గుండు పెనంలా కాలుతుంది. అంతకు ముందు వేసవులన్నీ తువ్వాలు చుట్టి పట్టుకున్న మనిషి, ఆ ఏడు ఉత్త చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. బొబ్బ లేచింది. నాకు తెలిసింది, ఆయనకు తెలియలేదు. సుగరు జబ్బు. ఆసుపత్రిలో సూదితో గుచ్చినా స్పర్శ లేదన్నారని ఒకరోజు ఒంటరిగా ఇంజను దగ్గర గొణుక్కున్నాడు. బయటపడితే సరంగు పని పోతుంది. ఇంకెవరికీ చెప్పలేదు.

నాకేసి చూసి గేరు వేస్తే తీరిపోయేది. చూస్తే పక్కవాళ్ళు కనిపెట్టేస్తారు. అందుకని చూడలేదు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం నావ గట్టుకు వస్తోంది. ఎల్లాజీ పొట్టిదాన్ని దించాడు. నన్ను వెనక్కి లాగాడు. గాడి దాకా లాగలేదు, చెయ్యి జారింది. నేను మళ్ళీ ముందు గాడిలోనే పడ్డాను. లాగినంతే వచ్చేదాన్ని, నేనేం చెయ్యను? ఆయన ఒక్క ఊపిరి ఆగాడు. పద్ధతిగానే ఆగాడు. వెనక గేరు పడిందనుకుని పొట్టిదాన్ని పైకెత్తాడు. నావ ముందుకు దూకింది. కాసులమ్మ కాలు నావకూ రాతికీ మధ్య ఉంది.

ఆమె తాడు వదిలేసింది.

"గేరు పట్టేసిందండీ," అన్నాడు ఎల్లాజీ నావ యజమానితో. మెకానిక్కు వచ్చి నన్ను ఇటూ అటూ నాలుగుసార్లు ఆడించాడు. గాడి గాడికీ టక్కుమన్నాను. అతను ఎల్లాజీ చేతి మీది బొబ్బ మచ్చలు చూశాడు, నన్ను చూశాడు, "పాతదైపోయిందండీ, మార్చేద్దాం," అన్నాడు. తప్పు ఇనుము మీద వేస్తే ఎవరి మనసూ నొప్పిపడదు. నాకూ ఏమీ అనిపించలేదు.

నన్ను పాత సామాను కొట్టుకు పంపుతుంటే ఎల్లాజీ అడిగి తీసుకున్నాడు. ఆ మర్నాడే తనకు ఓపిక లేదని చెప్పి పని మానేశాడు. కాసులమ్మకు రెండు కాలివేళ్ళు తీసేశారు, చీలమండ అతుక్కుంది గాని వంగదు. ఆయన నా గుండు ఊడదీసి ఒక చేతికర్రకు బిగించి ఆమె ముందు పెట్టాడు.

"గేరు పట్టెయ్యలేదే. నా సెయ్యే."

"తెలుసు."

"ఏటి తెలుసు?"

"పొగలు కక్కే అన్నం ఊదకుండా కలుపుకు తింటన్నావు, ఏడాది బట్టి."

"తెలిసి అక్కడే నిలబడ్డావా?"

కాసులమ్మ కట్టు సర్దుకుంది. "తప్పుకుంటే నాకు తెలిసిపోయిందని నీకు తెలిసిపోద్ది కదా. సరంగు పనంటే నీకు పేణం."

ఎల్లాజీ తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు.

ఇప్పుడు నేను ఆ కర్రకు తలనై వాళ్ళ గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఉంటాను. పొద్దెక్కితే ఎండ నా మీదే పడుతుంది. ఆమె బజారుకు బయల్దేరితే ఆయన నన్ను తీసి చేతికిస్తాడు. వేసవి మొదట్లో కొన్నాళ్ళు కాసులమ్మ ఏమీ అనకుండా కొంగు చుట్టి పట్టుకునేది. ఒకరోజు ఆయన ఆ కొంగు చూశాడు.

"కాల్తందా?"

కాసులమ్మ లేదనబోయి ఆగినట్టుంది.

"కాల్తంది," అంది.

ఎల్లాజీ లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. నన్ను ఎడమ చేత పట్టుకుని, తల వంచి, నా గుండును కళ్ళతో చూస్తూ నెమ్మదిగా నీళ్ళు పోశాడు. ఇరవై మూడేళ్ళకు నా మొహం చూశాడు. చల్లబడిందో లేదో ఆయనకు తెలియదు కదా. అందుకని ఆమె చాలని చెప్పేదాకా పోస్తూనే ఉన్నాడు.