చేతిపని నేర్పని తండ్రి

అరవయ్యో ఏట అడుగుపెట్టిన ఏథెన్సు పౌరుడు ఒక ఏడాదిపాటు ఊరివాళ్ల తగవులు తీర్చాలి. తప్పించుకోవడానికి వీల్లేదు. నేనా, కుండలు చేసుకు బతికేవాణ్ణి. నోరు పెద్దది, ఓపిక బొత్తిగా లేదు. అలాంటి నా నెత్తిన ఫిలాగ్రోస్ తగవు వచ్చి పడింది.

ఫిలాగ్రోస్ మా కుమ్మరివీధి వాడే, నాకన్నా పదేళ్లు పెద్ద. ఒకప్పుడు అతని జాడీల మీది నల్లటి మెరుపు చూసి మేమంతా కుళ్లుకునేవాళ్లం. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, చక్రం మూలన పడింది. కొడుకు యూథియాస్ తిండి పెట్టడం లేదని అతని ఫిర్యాదు. తల్లిదండ్రులకు తిండి పెట్టనివాణ్ణి మా ఊరు ఊరికే వదిలిపెట్టదు. కానీ చట్టంలో ఒక మెలిక ఉంది. తండ్రి కొడుక్కి చేతిపని ఏదీ నేర్పకపోతే, ముసలితనంలో ఆ తండ్రిని కొడుకు పోషించనక్కర్లేదు. యూథియాస్ ఆ మెలికనే పట్టుకున్నాడు.

ఎందుకు నేర్పలేదో వీధంతటికీ తెలుసు. పాతికేళ్ల కిందట సిసిలీ నుంచి ఒక పంతులు దిగాడు, మంచితనం నేర్పుతానంటూ. ఊదారంగు పైబట్ట, తేనెలాంటి మాట. ఫిలాగ్రోస్ అతనికి దాసుడైపోయాడు. పిల్లవాణ్ణి మట్టి ముట్టనివ్వకుండా ఏడేళ్లు ఆ పంతులు వెంట తిప్పాడు. "మావాడు కుమ్మరి కాడు, మనిషవుతాడు" అని మా మొహాల మీదే అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. మేమేమిటి మరి, మేకలమా?

ఆ పొద్దున అంగడి పక్కన స్తంభాల చావడిలో ఇద్దరూ నా ముందు నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"బాబాయ్, పదేళ్లప్పుడు చక్రం దగ్గర కూచుంటానని ఏడ్చాను," అన్నాడు యూథియాస్. "రెక్క పట్టుకుని లాగేశాడు. ఇప్పుడు పిరేయస్ రేవులో మూటలు మోస్తున్నా. నా పిల్లలకి ఒకపూట బార్లీ గంజి, రెండోపూట మంచినీళ్లు. ఈయనకేం పెట్టమంటావ్?"

"మంచితనం నేర్పించాడు కదరా!" అన్నాను, ఎత్తిపొడుస్తూ.

"నేర్చుకునుంటే ఇలా నీ ముందు నిలబడేవాణ్ణా? నిలబడ్డానంటే అది నాకు రానట్టేగా. ఆ పంతులు దగ్గర నేర్చుకున్నవాటిలో అక్కరకొచ్చింది ఈ వాదం ఒక్కటే."

వాడి భుజాల మీద మూటల తాళ్లు కోసిన గాట్లు కనిపిస్తున్నాయి. ముసలాయన మాత్రం ఈ చలికాలం దాటడని చూడగానే తెలుస్తోంది.

ఇక మిగిలింది ప్రమాణం. తండ్రి చావడి ముందున్న రాయెక్కి, కొడుక్కి పని నేర్పాడో లేదో దేవుళ్ల సాక్షిగా చెప్పాలి. దానికి ముందు అతన్ని పక్కకు లాక్కెళ్లాను. తగవు తీర్చేవాడు చేయకూడని పని, తెలుసు.

"అన్నా, ఒక్కరోజు వాడు నీ చక్రం తిప్పాడని చెప్పు, చాలు. మిగతాది నేను చూసుకుంటా."

"అది అబద్ధం తమ్ముడూ."

"అబద్ధమే! నీకు కూడు పెట్టే అబద్ధం. కాదనడానికి వాడి దగ్గర సాక్షి ఏడీ?"

రహస్యం చెబుతున్నాననుకున్నాను. నా గొంతు సంగతి నాకు తెలియనిదా? నాలుగు అడుగుల అవతల ఉన్న యూథియాస్ అంతా విన్నాడు. మొహం పాలిపోయింది.

ఫిలాగ్రోస్ తడుముకుంటూ రాయెక్కాడు. వణికే చెయ్యి పైకెత్తాడు.

"నా కొడుక్కి నేను ఏ పనీ నేర్పలేదు. వాడు అడిగినా నేర్పలేదు. తప్పు నాది."

ముసలాయన మీద, చట్టం మీద, ఎప్పుడో చచ్చిన ఆ పంతులు మీద పట్టరాని కోపం వచ్చింది. అయినా తీర్పు చెప్పక తప్పదు. కొడుకు తండ్రిని పోషించనక్కర్లేదని చెప్పి, పలక మీద రాశాను.

యూథియాస్ గెలిచాడు. ఇంటికి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు.

"నాన్నా, బాబాయ్ చెప్పిన ముక్క అనేస్తే పోయేదిగా. నేనేం చెయ్యగలిగేవాణ్ణి?"

ముసలాయన కాలితో రాయి అంచు వెతుక్కుంటున్నాడు. "నువ్వు వింటున్నావు కదరా," అన్నాడు.

యూథియాస్ రాయి దగ్గరికి వెళ్లాడు. చెయ్యి అందించాడు.

"మెల్లగా దిగు. ఇంట్లో ఉన్నది గంజే, ముందే చెప్తున్నా. పిల్లలతో పంచుకోవాలి."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. దాచుకోవాలనీ అనిపించలేదు. "ఉండరా, ఆ తీర్పు చెరిపేస్తాను. పోషించడానికి ఒప్పుకున్నావని రాస్తాను," అంటూ పలక అందుకున్నాను.

"వద్దు బాబాయ్, అలాగే ఉంచు," అన్నాడు తండ్రి భారమంతా తన మీదికి తీసుకుంటూ. "చెరిపేస్తే, చట్టానికి భయపడి తీసుకెళ్లాననుకుంటారు."