మంచం మీద తండ్రి

ఢిల్లీ ద్వారకలో మెట్రో ఎక్కింది మొదలు సదాశివరావు పెదాలు కదుపుతూనే ఉన్నాడు. "బేటీ, ముఝే మాఫ్ కర్ దో." ఒకసారి గొంతు తగ్గించి, ఒకసారి 'బేటీ' దగ్గర ఆగి. పక్క సీటమ్మాయి కాస్త జరిగి కూర్చుంది. కూతుర్ని క్షమాపణ అడిగే ఆ ఒక్క ముక్క కోసం ఆయన నాలుగేళ్లు మంచం మీద పడుకున్నాడు మరి.

రోగం కాదు, ఉద్యోగం. నోయిడా స్టూడియోలో తీసే హిందీ సీరియల్లో ఆయన ఇంటి పెద్ద. మొదట్లో మాటలుండేవి. హిందీలో తెలుగు యాస వినిపిస్తోందని ఎవరో అన్నారు. ఆ వారమే పాత్ర కోమాలోకి వెళ్లిపోయింది. నోరున్నవాడిదే రాజ్యం అంటారు. ఈయనకి రాజ్యం మిగిలింది, నోరు పోయింది.

అంతకుముందు ఢిల్లీ తెలుగు నాటకాల్లో తండ్రి పాత్రంటే సదాశివరావే. పగలు ఆఫీసు ఫైళ్ల మధ్య సంభాషణలు బట్టీపట్టి, సాయంత్రం మైకు లేకుండా ఆఖరి వరుసదాకా వినిపించేవాడు. షూటింగుల వల్ల రిహార్సళ్లకి వెళ్లలేక ఆ పాత్రలూ చేజారాయి. సీరియల్ మానేస్తానంటే నిర్మాత నవ్వాడు.

"బెడ్ ఖాలీ అయితే కథ కైసే చలేగీ, అంకుల్?"

కిందటి వారం, ఇంటి పెద్ద మేలుకుని మాట్లాడతాడని కబురొచ్చింది. వెంటనే ఆర్ట్ డైరెక్టర్ ఓ మంచి ఫోటో అడిగాడు, పెద్దది చేయిస్తానన్నాడు. సదాశివరావుకి నెత్తిన పాలు పోసినట్టయింది. పోస్టరు కోసమే అనుకున్నాడు. అటక మీది పెట్టె దింపి నాటకం ఫోటో ఒకటి తీశాడు. లాల్చీ వేసుకుని, చెయ్యి చాపి, నోరు తెరిచి మాట మధ్యలో ఉన్నాడందులో.

"ఏవండీ, పాస్‌పోర్టు ఫోటో ఇవ్వచ్చుగా? ఇందులో నోరు తెరుచుకునున్నారు," అంది భార్య భానుమతి.

"అదేనే నా మొహం."

సెట్లో మొహానికి పాలిపోయిన రంగు పూసి, ముక్కుకి గొట్టం పెట్టారు. డైరెక్టర్ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. సీన్ మారిందట. కళ్లు తెరిచి, కూతుర్ని చూసి, తల వాల్చేయాలి. అంతే.

"ఔర్ మేరా డైలాగ్?"

"వహాఁ మ్యూజిక్ ఆయేగా, అంకుల్." మాట బదులు సంగీతమట.

లైట్లు వెలిగాయి. ఆయన కళ్లు తెరిచాడు. కూతురి వేషం వేసిన అమ్మాయి ఏడుస్తోంది. మాట గొంతుదాకా వచ్చింది. నాటకంలో అయితే అనేసేవాడే. ఇక్కడ మింగేశాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. తల వాల్చాడు.

ఒక్క టేకులో అయిపోయింది. చనిపోయే వేషం వేసినవాళ్లు షాట్ అవగానే కెమెరాకేసి నవ్వితే అరిష్టం పోతుందట. నవ్వమన్నారు, నవ్వాడు.

మొహం కడుక్కుని, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని వచ్చేసరికి సెట్లో మంచం లేదు. గోడకి నిచ్చెన వేసి ఆయన ఫోటో తగిలిస్తున్నారు.

"అబ్ తో ఆప్ రోజ్ దిఖేంగే!" ఇక రోజూ తెరమీద కనిపిస్తారన్నాడు ఆర్ట్ డైరెక్టర్, నిజంగానే సంతోషంగా.

సదాశివరావుకి ఏడుపొచ్చింది. అయినా "అచ్ఛా" అని తలూపి, సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడిచాడు. ఆయన వెళ్లడం ఎవరూ గమనించలేదు.

గోడ మీద, బంతిపూల దండలోంచి ఆ ఫోటో చెయ్యి చాపి, నోరు తెరుచుకునే ఉంది.