ఎడమ పక్క స్పీకరు

నేను ఒక స్పీకరు పెట్టెను. ఒక పెట్టెను అన్నాను గాని, పుట్టడం మాత్రం ఇద్దరం పుట్టాం. ఒకే చెక్క కోసి, ఒకే రోజు బిగించి, ఒకే వార్నిషు పూసి, ఒకే అట్టపెట్టెలో పక్కపక్కన పడుకోబెట్టి పంపారు. రెండోవాణ్ణి నేను తమ్ముడు అంటాను. వాడు నన్ను ఏమనుకుంటాడో తెలియదు. మాకు పాడటమే గాని మాట్లాడుకోవడం రాదు.

మమ్మల్ని మొదట కొన్నది హైదరాబాదులో ఒక పళ్ళ డాక్టరు. ఆయన హాల్లో పెళ్ళి చేయొచ్చు. అంత హాల్లో మాలాంటి చిన్న పెట్టెల గొంతు ఏ మూలకూ చేరేది కాదు. పైగా నన్ను సోఫా వెనకా తమ్ముణ్ణి పూలకుండీ కిందా పెట్టారు. మేము పాట మొదలుపెట్టగానే అందరూ ఇంకాస్త గట్టిగా మాట్లాడుకునేవారు. కొన్నాళ్ళకు కొత్త సోఫా వచ్చింది. మా రంగు దానికి నప్పలేదని మమ్మల్ని అమ్మేశారు.

అలా గాజువాక చేరి దాలినాయుడు గారి చేతుల్లో పడ్డాం. ఓడలు కట్టే యార్డులో జుట్టు నెరిసేదాకా ఇనుప రేకులు అతికించి రిటైరైన మనిషి. బతుకంతా సుత్తి మోతలే విన్నాను, ఇకనైనా మంచి పాట వినాలి అన్నది ఆయన కోరిక. బియ్యం బస్తాలుండే చిన్న గదిని అందుకోసం ఖాళీ చేయించాడు. మొదట ఆయనా అందరూ పడే పొరపాటే పడ్డాడట. నిలువెత్తు స్పీకర్లు, ఊరేగింపుకు సరిపోయే ఆంప్లిఫయరు తెచ్చి ఆ గదిలో దించాడు. తబలా మోగితే కిటికీ రెక్కలు దడదడలాడాయి గాని పాడే మనిషి గొంతు ఆ హోరులో ఎక్కడో కొట్టుకుపోయింది. చిన్న గదికి చిన్న పెట్టెలు చాలని, వాటిని గోడకు ఆనించకూడదని, ఆంప్లిఫయరుకు బలం కన్నా తీపి ముఖ్యమని అప్పుడు తెలిసొచ్చింది. వెతికి వెతికి మమ్మల్ని తెచ్చుకున్నాడు.

నన్ను ఎడమ పక్క, తమ్ముణ్ణి కుడి పక్క నిలబెట్టి, టేపుతో కొలిచి ఎదురుగా ఒక కుర్చీ వేశాడు. అక్కడ కూర్చుని వింటే పాడే మనిషి మా ఇద్దరి మధ్యా గాలిలో నిలబడి పాడుతున్నట్టుంటుంది. మాకు తెలిసిన విద్య అదొక్కటే. అయితే ఆ సుఖం ఒక్కరికే. రెండో కుర్చీకి గదిలో చోటు లేదు. అయినా నాకేం? బుద్ధి తెలిశాక మొదటిసారి ఒక మనిషి మా ఎదుట నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆ రోజు ప్రాణం పెట్టి పాడాను.

పాట సగంలో ఆయన మొహం చిట్లించాడు. "ఎడమది నీరసంగా పాడతంది," అన్నాడు.

మర్నాడు నా వైరు మార్చాడు. వెనక మరలు విప్పి లోపల చూశాడు, మళ్ళీ బిగించేటప్పుడు ఒక మర పోగొట్టాడు. ఆఖరికి మా ఇద్దరి చోట్లూ మార్చాడు. కుడి పక్కకు వెళ్ళగానే నేను దివ్యంగా పాడానట, నీరసం తమ్ముడికి అంటుకుందట. అయితే తప్పు ఆంప్లిఫయరుదన్నాడు. గాజు బల్బుల్లాంటి వాల్వులు వెలిగే కొత్తది వచ్చింది. ఎడమ పక్క మళ్ళీ నీరసమే. నన్ను తిరిగి ఎడమకు తెచ్చాడు. కిటికీలోంచి శబ్దం పారిపోతోందని పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీశాడు. ఇంత తెలివిగల మనిషికి పెట్టెలమీద అనుమానం వచ్చింది, గోడమీద వచ్చింది, కరెంటుమీద కూడా వచ్చింది. తన చెవిమీద మాత్రం రాలేదు.

నాకు తెలుసు. ఎందుకంటే ఆ గది తలుపు నా పక్కనే ఉంది. భోజనం వేళకు ఆయన భార్య వరహాలు గారు అక్కడ నిలబడి పిలిచేది. "ఏవండీ, అన్నం పెట్టీసేను. వస్తారేటి?" ఆయన కదిలేవాడు కాదు. ఆమె మళ్ళీ పిలిచేది. ఆయన కళ్ళు మా ఇద్దరి మధ్య లేని మనిషిని వెతుకుతూ ఉండేవి. బయట అన్నాల బల్ల దగ్గర కూడా ఆమె కుర్చీ ఆయనకు ఎడమ పక్కే. చెల్లెలి కూతురి కానుపు సంగతి చెప్పేది, మోకాలి నొప్పి సంగతి చెప్పేది. ఆయన చారు జుర్రుకుంటూ ఉండేవాడు. రానురాను ఆమె చెప్పడం తగ్గించింది.

ఒకరోజు తలుపు దగ్గరే చాలాసేపు నిలబడి, "నా మాటంటే గిట్టక కాబోలు," అని తనలో తాను అనుకుని వెళ్ళిపోయింది. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. మీ మీద కోపం కాదమ్మా, మీరున్న పక్క ఆయనకు లేదు అని చెప్పాలని ఎంత కొట్టుకున్నానో. నాకు నోరుంది, అందులో మాట నాది కాదు. ఆ తర్వాత ఆమె పిలవడమే మానేసింది. కంచం బల్లమీద పెట్టి, మూత పెట్టి, తన పని తాను చూసుకునేది. ఒకే ఇంట్లో ఇద్దరూ విడివిడిగా తిన్నారు.

చివరికి నాయుడు గారు మమ్మల్ని అమ్మడానికే సిద్ధపడ్డాడు. ఈ పాటల పిచ్చివాళ్ళలో ఒక మర్యాద ఉంది. వినడానికి వచ్చినవాడిది కుర్చీ, ఇంటాయన వెనక నిలబడాలి, పాట అయ్యేదాకా ఎవరూ పెదవి కదపకూడదు. ఆ ఆదివారం కృపానందం మాస్టారు అనే ఆయన మమ్మల్ని కొనడానికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మేము పాడాం. సగంలో వరహాలు గారు టీ కప్పులతో తలుపు దగ్గరకు వచ్చి, పరాయి మనిషి ఉన్నాడు కనుక చాలా రోజుల తర్వాత నోరు విప్పింది. "ఏవండీ, టీ."

మాస్టారు తల తిప్పాడు. నాయుడు గారు తిప్పలేదు. ఆమె ఇంకోసారి పిలిచింది. మాస్టారు మర్యాద తప్పి, "అమ్మగారు పిలుస్తున్నారండీ," అన్నాడు.

"ఎప్పుడు?" అన్నాడు నాయుడు గారు.

మాస్టారు ఆయన ఎడమ చెవి వైపు చూశాడు. "పెట్టెలు రెండూ ఒక్కలాగే పాడుతున్నాయి నాయుడు గారూ. మీరు ఒకసారి ఆ కుడి చెవి మూసుకోండి."

ఆయన కుడి చెవిలో వేలు పెట్టుకున్నాడు. నా ముందుకొచ్చి వంగి, నా మీద అరచెయ్యి ఆనించాడు. పాట ఆయన చేతికి తగిలింది. చెవికి తగల్లేదు. అలాగే నిలబడి, మెల్లగా తలుపు వైపు చూశాడు. వరహాలు గారి పెదవులు కదులుతున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి పిలస్తన్నావే?" అన్నాడు.

ఆమె కప్పులు కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ వారంలోనే గది మారిపోయింది. ఒక్క చెవికి రెండు పెట్టెలు దండగ కనుక, రెండు పక్కల పాటా ఒకదాంట్లోకే వచ్చేలా కలిపించి, తమ్ముణ్ణి నడిమికి జరిపారు. మరలన్నీ ఉన్నవాడు వాడే కదా. నేను ఖాళీ చేసిన ఎడమ పక్కకు ఆయన కుర్చీ జరిగింది. ఆయన కుడి పక్కన రెండో కుర్చీ వచ్చింది. ఇప్పుడు పాట నడుస్తుండగానే వరహాలు గారు కబుర్లు చెబుతుంది, ఆయన ఊ కొడతాడు. పాటల మర్యాద మంటగలిసింది.

నన్ను హాల్లోకి తెచ్చి మూలన పెట్టారు. వైరు లేదు. తమ్ముడి గొంతు గోడ అవతలి నుంచి వస్తుంది, వాడి పక్కన నేను లేకపోవడం నాకు స్పష్టంగా వినిపిస్తుంది. జంటగా పుట్టినవాడికి ఇది కష్టమే, దాచుకోను. మొన్న ఒకాయన ఒంటి పెట్టె అయినా కొంటానని వచ్చాడు. నాయుడు గారు నన్ను ఎత్తబోయాడు.

వరహాలు గారు కుడి పక్కకు వచ్చి చెప్పింది. "అమ్మకండి. నేనూ అదీ ఇన్నాళ్ళూ ఒక్క పక్కనే నిలబడ్డాం."

ఆయన నన్ను దించేశాడు. ఆమె నా మీద దుమ్ము తుడిచి, ఉతికిన తువ్వాలు ఒకటి పరిచి లోపలికి వెళ్ళింది.