కొమ్మ పట్టుకున్న కాళ్ళు

బొమ్మ చుట్టూ అంచుగా వేసే అట్ట మీద స్టీలు స్కేలు పెట్టి, దాని అంచును బొటనవేలి గోటితో తడుముకుంటూ పోతున్నాడు పెద్దులు. అరబ్బు దేశంలోని అల్ హైల్‌లో ఫొటోలకు ఫ్రేములు కట్టే ఆ దుకాణంలో ఇన్నేళ్ళూ కంటితో చేసిన పనిని కొంతకాలంగా వేళ్ళతో నెట్టుకొస్తున్నాడు. ఎదుటి మనిషి మొహం కూడా ఆవిరి పట్టిన అద్దంలో ఉన్నట్టే ఉంటుంది. ఆ సంగతి పక్క బల్ల దగ్గర పనిచేసే సమీయుల్లాకొక్కడికే తెలుసు. దుకాణం యజమాని అర్బాబుకు తెలిస్తే ఇంకేముంది, ఇంటికి పంపేస్తాడు. జగిత్యాల దగ్గరి ఊళ్ళో పెద్దులు భార్య కవితకు రెండు కిడ్నీలూ పోయాయి. మిషన్ మీద రక్తం కడిగించుకుంటూ బతుకుతోంది. ఆమె మందులూ, ఆసుపత్రికి పోయే ఆటో, అన్నీ ఇతని జీతం మీదే. అందుకే ఆమెకు కూడా కళ్ళ మాట చెప్పలేదు.

ఇవాళ్టి పని దగ్గర్లోని సీబ్‌లో ఉండే తెలుగావిడ దమయంతిది. విక్టోరియా రాణి కాలంలో అచ్చేసి, చేత్తో రంగులు దిద్దిన పిట్టబొమ్మ. లండన్‌లో పాత పుస్తకాల అంగట్లో కొన్నదట. గోధుమరంగు పిట్ట ముక్కు తెరిచి పాడుతోందని సమీయుల్లా చెబితేనే పెద్దులుకు తెలిసింది.

బల్ల గీరుకుపోకుండా అట్ట కింద చిత్తు కాగితం వేసుకుని కొయ్యడం అతని అలవాటు. చేతికి తగిలిన తెల్లటి కాగితమేదో లాగి వేసుకున్నాడు. కత్తి దించి ఒక్క గీత లాగాడు. లాగాక గాని మణికట్టుకు తేడా తెలియలేదు. కింద ఉన్నది చిత్తు కాగితం కాదు, బోర్లా పెట్టిన పిట్టబొమ్మ.

తెగిన ముక్కను పెద్దులు కళ్ళకు ఆనించుకుని చూశాడు. పిట్ట కాళ్ళూ, అవి పట్టుకున్న కొమ్మా. అతికిద్దామంటే అంచుకు అంచు కలవలేదు. ముక్కను స్కేలు కిందికి తోసేసి, కోత కనబడకుండా అట్ట జరిపి ఫ్రేము బిగించాడు. ఇన్నేళ్ళ నౌకరీలో చేసిన మొదటి దొంగపని, పాపం అదీ సరిగ్గా చేతకాలేదు.

సాయంత్రం దమయంతి వచ్చి, బొమ్మ చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"ఇదేంటండీ, పిట్టకి కాళ్ళేవీ?"

"అది గట్లనే ఉండెనమ్మా."

"లేదండీ పెద్దులుగారూ. కొమ్మని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ గోళ్ళు చూసే ముచ్చటపడి కొన్నాను."

పెద్దులు లేచి రెండు చేతులూ జోడించాడు. "నాకు కండ్లు కనవడ్తలేవమ్మా. తప్పయింది. మా అర్బాబుకు చెప్పకుండ్రి. నా పెండ్లాం పానం ఈ పని మీదనే ఉన్నది."

"అయ్యో, నేను చెప్పనండీ," అంది దమయంతి. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. కానీ అర్బాబు గల్లా దగ్గరే కూర్చుని ఉన్నాడు. పెద్దులుకు కనబడలేదు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు, జోడించిన చేతులు మాత్రం చూశాడు. లేచి వచ్చి ఫ్రేము వెనక్కి తిప్పి, అట్ట ఊడదీశాడు. కోసిన అంచు బయటపడింది.

కేకలు వేయలేదు. విమానం టికెట్టు తనే కొనిచ్చాడు. వెళ్ళే రోజు సమీయుల్లా మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తుంటే, "కవితకేం జెప్పాలె భాయ్?" అని అడిగాడు పెద్దులు. సమీయుల్లా పెట్టెను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

దుకాణంలో బల్ల మీద స్కేలు పెట్టిన చోటే ఉంది. దాని కింద, సన్నటి కాగితం ముక్క మీద, రెండు కాళ్ళు కొమ్మను ఇంకా గట్టిగా పట్టుకుని ఉన్నాయి.