కుండ కింది పెంకు

"నూనె ఎంతుండాదే?" అని ఇమాం వలి ఇంట్లోంచే అడిగాడు. అడగడమంటే ఏముంది, తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటూ గాలిలోకి ఒక మాట వదలడమే. గుల్జార్ బీ అప్పటికే కారు బానెట్టు ఎత్తి, ఇంజను పక్కనుండే ఇనపపుల్లను లాగి, పాత చీర పేలికతో తుడిచి, మళ్లీ గుచ్చి తీసింది. పుల్ల మీద రెండు గీతలుంటాయి. నూనె పై గీతను ముడితే నిండుగా ఉన్నట్టు, కింది గీతకు దిగితే ఇంజను ప్రాణం మీదికొచ్చినట్టు. ఇప్పుడు పై గీతకు కాస్త పైనే ఉంది. అయినా ఆమె జవాబు చెప్పే ముందు ఇంకోసారి తుడిచి చూసింది. మూడోసారీ చూసింది. పన్నెండేళ్ల కాపురంలో ఒక్కసారితో ఒప్పయిన పని ఏదైనా ఉందా గనక!

కారు వాళ్లది కాదు, కర్నూలు దూదిమిల్లు సాహుకారుది. పని అయ్యాక డ్రైవరు ఇంటి వాకిట్లోనే ఉంటుంది. నూనె చూడటం డ్రైవరు పనే. కానీ నలభై దాటాక ఇమాం వలికి దగ్గరి గీతలు అలుక్కుపోవడం మొదలైంది. ఆ మాట బయటపెడితే ఉద్యోగం ఉంటుందా? "తెల్లగుడ్డలకు మరకలైతాయి, నువ్వు చూడు" అన్నాడు. అలా రెండేళ్లుగా ఆ పని ఆమెదైంది, వీధిలో ఎవరైనా అడిగితే మాత్రం ఆయనదే. ఆపైన బ్యాటరీ చచ్చింది. యుద్ధం పుణ్యమా అని కొత్తది దొరకడం లేదు. అందుకని నెల రోజులుగా కారును వాకిట్లో వీధి వైపు ముక్కు పెట్టి నిలుపుతున్నాడు. పొద్దున ఆమె వెనక నుంచి తోస్తే పల్లంలోకి జారుతూ స్టార్టవుతుంది. కారు ముందు హ్యాండిలు గుచ్చి తిప్పే బాధ ఆయనకు తప్పింది. ఆమె భుజం నొప్పి సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

చిక్కు కూడా ఆ నెలలోనే మొదలైంది. ఇంట్లో నిండుగా ఉన్న నూనె, సాహుకారు బంగళాకు పోయేసరికి తక్కువగా కనపడుతోంది. అక్కడి కార్ల మిస్త్రీ పుల్ల తీసి చూసి రెండుసార్లు తప్పు పట్టాడు. నిన్నయితే సాహుకారే చెప్పాడట, ఇంకోసారి ఇట్లా జరిగితే కారు వేరేవాడికి అప్పగిస్తానని. ఇమాం వలి ఆ కోపమంతా తెచ్చి ఆమె మీద దించాడు. "గీత కనపడదా నీకు? కండ్లు యాడ పెట్టుకొని చూస్తాండావు?" అన్నాడు. అత్త మాబూబీ ఊరుకుంటుందా, కూరలో ఉప్పే తెలియనిదానికి కారు నూనె ఏం తెలుస్తుందని అందుకుంది.

గుల్జార్ బీకి ఏమీ పాలుపోలేదు. కారుతోందా అంటే నేల మీద చుక్క లేదు. ఎవరైనా తీస్తున్నారా అంటే దారిలో కారు ఆగేదే లేదు. ఇక మిగిలింది తన కళ్లు. నిన్న సందెవేళ సూదిలో దారం ఎక్కించి చూసుకుంది. మొదటిసారికే ఎక్కింది. ఊరట కలగాల్సింది పోయి భయమేసింది. కళ్లు బాగానే ఉంటే చెడింది బుద్ధా? ఉప్పు సరిపోయిందనుకున్న రోజు చప్పగా ఉందంటాడు ఆయన. ఇంకాస్త వేస్తే నోట పెట్టలేమంటుంది అత్త. తలుపు వేశాననుకుంటే తీసే ఉందంటారు. అనలేదనుకున్న మాట అన్నావంటారు. నలుగురు కలిసి మేకను కుక్కంటే కుక్కే కదా. ఒక్కోసారి తన పేరు గుల్జారేనా అని కూడా ఆమెకు అనుమానం వస్తుంది, నవ్వూ వస్తుంది.

"పలకవేమే?" అని ఇమాం వలి మళ్లీ అడిగాడు.

పుల్లను మళ్లీ గుచ్చి, బానెట్టు దించి, చేతి జిడ్డు కడుక్కుందామని వాకిట్లో ఉన్న నీళ్లకుండ దగ్గరికి వెళ్లింది. కుండను కాస్త ఇవతలికి జరిపి, అలవాటుగా కాలితో పెంకుముక్కను దాని కిందికి తోసింది. ఆ వాకిట్లో ఏ కుండ పెట్టినా వీధి వైపు పెంకు పెట్టాల్సిందే. లేకపోతే నీళ్లు ఒక అంచున నిండి, ఇంకో అంచున వెలితి పడతాయి. కాపురానికొచ్చిన మూడోరోజు నుంచీ ఆమె కాలికి తెలిసిన సంగతి అది. ఆమె చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది. కుండకేసి చూసింది, కారుకేసి చూసింది. కారుకు పెంకు ఎవరు పెట్టారు?

ఇమాం వలి బయటికొచ్చి కారెక్కి, తొయ్యమన్నాడు. ఆమె తొయ్యలేదు.

"నిండుగా ఉండాదని నేను చెప్పను. వాకిలి వాలుగా ఉండాది, నూనె ముందరికి జారి పుల్ల దగ్గర ఎక్కువ కనపడతాంది. స్టార్టు చెయ్యకుండా వీధిలోకి దింపు. సమంగా ఉండే తావున చూసి చెప్తా."

ఆడదాని మాట విని పొద్దున్నే హ్యాండిలు తిప్పాలా అని ఆయన గొణిగాడు. కానీ సాహుకారు మాట ఇంకా చెవిలో ఉన్నట్టుంది, బ్రేకు పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. ఆమె నూనె సర్దుకునేదాకా నిలబడి, బానెట్టు ఎత్తి, పుల్ల తుడిచి, గుచ్చి, తీసింది. కింది గీత దగ్గరుంది. ఆయన చూపు ఆనక తంటాలు పడుతుంటే, ఆయన బొటనవేలు పట్టుకుని తడి ఆగిన చోట పెట్టింది. తెల్లచొక్కా ముంజేతికి మరకైంది. డబ్బాలోని నూనె పోసుకుని, చెమటలు కక్కుతూ హ్యాండిలు తిప్పుకుని, ఆ వాలు సంగతి తనకు మొదట్నించీ తెలుసని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా ఆమెకు పనిలో మనసు నిలవలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఒక్క నూనె సంగతి తేలింది, సరే. మరి పన్నెండేళ్ల తప్పుల్లో తనవి ఎన్ని, ఆ ఇంటి వాలువి ఎన్ని? ఇప్పుడు ఏ పుల్ల గుచ్చి చూడాలి?

సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఇమాం వలి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "కూరలో ఉప్పు లేదు" అన్నాడు. అత్త తల ఎత్తింది. గుల్జార్ బీ చెయ్యి అలవాటు చొప్పున ఉప్పుకుండ మీదికి పోయి, అక్కడే ఆగింది. ఆమె కాస్త కూర అరచేతిలో వేసుకుని, వాళ్లిద్దరి ముందే, తొందర లేకుండా నోట్లో పెట్టుకుంది.

"సరిగ్గా ఉండాది" అని ఉప్పుకుండ మీద మూత పెట్టింది.